పసుపు బుట్టలో క్యారియర్

ఆ రోజు ఆ ఇంట్లో ముగ్గురున్నారు. గీతాంజలి హాల్లో బల్ల ముందు లాప్‌టాప్ తెరిచి ఎవరితోనో ఇంగ్లీషులో మాట్లాడుతోంది. ఆమె కూతురు సమన్వి, తొమ్మిదేళ్ళ పిల్ల, జ్వరం వచ్చి బడి మానేసి లోపలి గదిలో ముడుచుకుని పడుకుంది. మూడో మనిషి మునివెంకటమ్మ వంటింట్లో సింకు ముందు నిలబడి పాలగిన్నె అడుగు గీకుతోంది. ఇంటాయన శశిధర్ ఎనిమిదిన్నరకే ఆఫీసుకు వెళ్ళిపోయాడు. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళ ఫోనులో చూస్తే మాత్రం ఆ ఫ్లాటులో ఇద్దరే ఉన్నట్టు కనిపిస్తుంది. మునివెంకటమ్మ పేరు వాళ్ళ కింద, వేరే రంగులో ఉంటుంది.

పాలగిన్నె మాడు వదలడం లేదు. మునివెంకటమ్మ గోళ్ళతో గీకింది. ఆమె గోళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి. నీళ్ళలో, సబ్బులో నాని నాని వేళ్ళ కొసలు ఎంత నునుపుగా అయ్యాయంటే, రేషన్ షాపు మిషను ఆమె వేలిముద్రను గుర్తు పట్టదు. యాభై మూడేళ్ళ పొట్టి మనిషి. ముక్కుపుడకలో రాయి ఊడిపోయి ఉత్త గుంట మిగిలింది. పొద్దున ఏడింటికి వచ్చి, ఇదే బ్లాకులో పై అంతస్తుల్లో రెండిళ్ళు ముగించుకుని, తొమ్మిదిన్నరకు ఇక్కడికి దిగుతుంది. నాలుగింటి వరకూ ఇక్కడే. ఈ ఇంట్లో చేరి పదకొండేళ్ళయింది. సమన్వికి మొదటి స్నానం చేయించింది ఆమే.

"మునెమ్మా, టైమ్!" అని హాల్లోంచి కేక వినిపించింది.

మునివెంకటమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని, యుటిలిటీలోంచి ఇనప నిచ్చెన తెచ్చింది. యుటిలిటీ అంటే వంటింటి వెనక, వాషింగ్ మెషిను పెట్టుకునే చిన్న వరండా.

ఇది మూడు వారాలుగా జరుగుతోంది. గీతాంజలి ఫోనులో ఎక్కడో చూసింది. తీరిక లేని వాళ్ళు ఇల్లంతా ఒకే రోజు సర్దాలనుకోకూడదట. రోజుకు పావుగంట చాలట. ఒక రోజు ఒక సొరుగు, ఇంకో రోజు ఒక అర. ఏడాదిగా వాడని వస్తువు ఇంట్లో ఉండకూడదు. అందుకోసం మూడు బుట్టలు కొన్నది. నీలం బుట్టలో ఉంచుకునేవి, పసుపు బుట్టలో ఎవరికైనా ఇచ్చేసేవి, ఎర్ర బుట్టలో పారేసేవి. ఫోనులో పావుగంట పెడుతుంది. పావుగంట అవగానే అందులోంచి పిట్టల అరుపు వస్తుంది. చేతిలో ఏమున్నా అక్కడితో ఆపేయాలి.

దుమ్ము పడదు కాబట్టి గీతాంజలి మాస్కు పెట్టుకుని స్టూలు మీద కూర్చుంటుంది. మునివెంకటమ్మ ఒక్కో వస్తువూ తీసి, తుడిచి, పైకెత్తి చూపిస్తుంది. గీతాంజలి రంగు చెబుతుంది.

"బ్లూ. రెడ్. అది రెడ్. ఎల్లో. ఆ, అది కూడా ఎల్లో."

మొదట్లో మునివెంకటమ్మకు ఇది అర్థం కాలేదు. ఏడాదిగా వాడనివి తన ఇంట్లో ఏమున్నాయా అని ఒక రాత్రి గదంతా చూసింది. బెంగళూరు చివర హెబ్బగోడిలో వాళ్ళుండేది ఒకటే గది. అందులో పొద్దున లేస్తే పనికి రాని వస్తువంటూ ఏదీ లేదు. మేకుకు వేలాడే తాడు ఒక్కటే. ఆమె భర్త పెద్దమునియప్ప చిక్కపేటలో చీరల బేళ్ళు తోపుడు బండి మీద తోసేవాడు. బేళ్ళను బండికి కట్టే తాడు అది. ఆరు నెలల కిందట ఒక బేలు జారి నడుము మీద పడింది. అప్పటి నుంచి ఆయన చాప మీద ఉన్నాడు, తాడు మేకు మీద ఉంది. ఇంకో ఆరు నెలలైతే దానికీ ఏడాది నిండుతుంది.

ఈ రోజు యుటిలిటీలో పైనున్న లాఫ్టు వంతు. నిచ్చెన మూడో మెట్టు మీద నిలబడి మునివెంకటమ్మ ఒక అట్టపెట్టెను అంచుదాకా లాగింది. పెట్టె నాలుగు వైపులా గోధుమరంగు టేపు వేసి ఉంది. పైన ఏమీ రాసి లేదు. కిందికి దించి టేపు కోస్తే, లోపల పాత పేపర్లు చుట్టిన స్టీలు సామాను.

"ఓ, ఇవా! హౌస్‌వార్మింగ్‌లో వచ్చినవి అయ్యుంటాయి," అంది గీతాంజలి. "ఎవరెవరో పేర్లు కొట్టించి ఇస్తారు. వాడుకోలేం, ఇంకొకరికి ఇవ్వలేం. ఇంత చెత్త పెట్టుకుని కూర్చున్నామా మనం?"

మొదటి పేపరు విప్పితే గరిటెలు వచ్చాయి. రెండోది విప్పితే మూత లేని డబ్బా. మూడోది బరువుగా ఉంది. విప్పితే మూడు గిన్నెల క్యారియర్. ఇప్పటి రేకుల్లాంటిది కాదు, మందమైన పాత స్టీలు. అడుగున ఒక సొట్ట. పైన ఇత్తడి క్లిప్పు. మునివెంకటమ్మ క్లిప్పును బొటనవేలితో నొక్కి చూసింది. టక్కుమని పడింది. లాగి చూసింది, రాలేదు. మళ్ళీ గట్టిగా నొక్కి వెనక్కి తోస్తే అప్పుడు లేచింది.

పై మూత మీద చుక్కలు చుక్కలుగా అక్షరాలున్నాయి.

"ఏమో పేరుండాదమ్మా. చూడండి."

గీతాంజలి ఫోను లైటు వేసి చూసింది. ఆమె పుట్టిందీ పెరిగిందీ బెంగళూరులోనే. బడిలో ఇంగ్లీషు, కన్నడ చదువుకుంది. తెలుగు ఆమెకు నోట్లో మాత్రమే ఉంది.

"తెలుగులో ఉంది. నాకు మాట్లాడ్డమే గానీ చదవడం రాదు కదా మునెమ్మా. నీకొచ్చా?"

"నాకు చదువొచ్చింటే మీ ఇంట్లో గిన్నెలు యాల తోముతానమ్మా? మీ మాదిరి నేనూ స్టూలు మీద కూర్చొని ఎల్లో, రెడ్డు అంటా ఉంటాను కదా!"

గీతాంజలి మాస్కు లోపల గట్టిగా నవ్వింది. మునివెంకటమ్మ కూడా నవ్వింది. అక్షరాలు అలాగే ఉన్నాయి.

"ఎల్లో," అంది గీతాంజలి.

మునివెంకటమ్మ దాన్ని బుట్టలో పెట్టలేదు. చేతిలోనే పట్టుకుంది. ఈ మూడు వారాల్లో ఇచ్చినవి తీసుకుందే కానీ ఏదీ నోరు తెరిచి అడగలేదు. చెవులు ఊడిన కప్పులు, సైజు చిన్నదైన కర్టెన్లు, ఒక చిరిగిన యోగా చాప ఇలాగే వచ్చాయి. చాప మీద పెద్దమునియప్ప పడుకుంటున్నాడు.

"ఇది నేను ఎత్తుకొనేదామ్మా?"

"తీసుకో. నీకే."

ఆమె ఏది తీసుకున్నా, నిజంగా ఇచ్చినట్టేనా అని రెండు సార్లు అడుగుతుంది. పదకొండేళ్ళలో ఆ అలవాటు తప్పలేదు. అందుకే ఆ ఇంట్లో ఇంతవరకూ ఒక్క చెంచా కోసం కూడా ఎవరూ ఆమె సంచి వెతకలేదు.

"సారుని ఒక మాట అడగాల్నేమో."

"గిన్నెలకి సార్‌ని అడగడం ఏంటి? ఇంట్లో ఉప్పు ఎక్కడుంటుందో కూడా తెలీదు ఆయనకి. తీసుకో మునెమ్మా, అంతే."

ఫోనులో పిట్టలు అరిచాయి. గీతాంజలి మాస్కు తీసేసి, చెవుల్లో మళ్ళీ తెల్లటివి పెట్టుకుంటూ హాల్లోకి వెళ్ళిపోయింది. మిగిలిన గిన్నెలతో పెట్టెను మునివెంకటమ్మ మళ్ళీ లాఫ్టు మీదికి తోసింది. అది రేపటి పావుగంట పని.

సారును అడగాలని ఆమెకు ఊరికే తోచలేదు. పోయిన ఆదివారం ఆ ఇంట్లో పెద్ద గొడవైంది. శశిధర్ కాలేజీలో ఆడిన క్రికెట్ బ్యాటు పసుపు బుట్టలో పడి, కార్లు కడిగే అతని ఇంటికి చేరింది. ఆ సంగతి తెలిసి శశిధర్ పళ్ళేన్ని విసిరి కొట్టాడు. "ఇంకోసారి నన్నడక్కుండా నాది ఒక్క వస్తువు ఈ ఇంట్లోంచి బయటికి పోయిందంటే, దాని వెనకాలే నేనూ పోతా. గుర్తుపెట్టుకో" అన్నాడు. గీతాంజలి బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పింది. బయట నేల తుడుస్తున్న మునివెంకటమ్మకు కుళాయి చప్పుడులో కలిసిన ఏడుపు వినబడింది. ఆమె తలుపు తట్టలేదు. కాఫీ కలిపి, బాత్రూము బయట స్టూలు మీద పెట్టి, "చల్లారి పోతాదమ్మా" అని మాత్రం అంది. కాసేపటికి గీతాంజలి వచ్చి ఆ కాఫీ తాగింది. కప్పు తిరిగి ఇస్తూ మునివెంకటమ్మ చేయి పట్టుకుని, "నువ్వు లేకపోతే ఈ ఇంట్లో నేనుండలేను" అంది. ఆ మాట మునివెంకటమ్మ రెండు బస్సులు మారి హెబ్బగోడి చేరేదాకా మనసులో అనుకుంటూనే ఉంది.

పన్నెండున్నరకు సమన్వికి గంజి తాగించి, నుదుటి మీద తడిగుడ్డ వేసింది. పిల్ల ఆమె ఒళ్ళో తల పెట్టుకుంది.

"మునమ్మా, కథ చెప్పు."

"మా ఇంటి పక్క పిల్లి కథ చెప్పేదా?"

"నిన్న కూడా అదే చెప్పావు."

"ఏం చేసేది, నిన్న కూడా అదే పిల్లి వచ్చె."

పిల్ల నవ్వుతూ నవ్వుతూ నిద్రపోయింది. మునివెంకటమ్మ యుటిలిటీలోకి వెళ్ళి ఇంటికి ఫోను చేసింది.

"తింటివా?" అంది.

"పిల్లి తినింది," అన్నాడు పెద్దమునియప్ప.

ఆమె పొద్దున అయిదింటికే వండి, కంచంలో అన్నం పెట్టి, పైన ఇంకో కంచం బోర్లించి, చేయి చాపితే అందేంత దూరంలో పెట్టి వస్తుంది. పక్కింటి పిల్లి రేకుల సందులోంచి దూరి, మూతికొనతో పై కంచాన్ని పక్కకు తోస్తుంది. ఆయన నడుము తిప్పలేడు. కట్టె ఇచ్చి చూసింది, కట్టె ఎత్తేలోపు పిల్లి కంచానికి అటువైపు పోయి తింటుంది. కంచం మీద రాయి పెట్టి చూసింది. ఆ రోజు రాయిని ఆయనే కదిలించలేకపోయాడు. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత వేస్తే మధ్యాహ్నానికే అన్నం చెమటపట్టి పులుస్తుంది.

"తోలకూడదా దాన్ని?"

"తోలితే పోతాదా? నా మాట అది యాడ వింటాది. తిని, మూతి తుడుచుకొని, ఇంకా ఏమన్నా ఉండాదా అని నా తట్టు చూస్తా ఉండాది."

"చూడనీ, చూడనీ. రేపట్నుంచి దాని ఆట సాగదు. అమ్మ క్యారియర్ ఇచ్చింది. క్లిప్పుండేది. నీ చేతికి తప్ప ఎవురికీ రాదు."

"ఆ పసుపు బుట్టదా?"

"ఆ."

"ఒక మాట అడిగి చూడు మీయమ్మని. నేనూ ఆరు నెల్లుగా పనికి రాకుండా పడుండా. నన్ను ఏ బుట్టలో వేస్తాదో."

"పసుపు దాంట్లో వేస్తే నిన్ను ఎత్తుకొనిపోయే దిక్కెవురు? నీకు ఎర్రదే."

ఆయన నవ్వాడు. నవ్వితే నడుము నొప్పి పుట్టి మూలిగాడు. ఆమె ఫోను పెట్టేసింది.

మధ్యాహ్నం గీతాంజలి పావు కంచం తిని, "అన్నం, సాంబారు, పల్యం అన్నీ మిగిలిపోయాయి మునెమ్మా, మీ ఆయనకి తీసుకెళ్ళు" అంది. మునివెంకటమ్మ క్యారియర్‌ను చింతపండుతో తోమింది. రెండోసారి సబ్బుతో కడిగింది. ఇత్తడి క్లిప్పు పసుపుగా మెరిసింది. కింది గిన్నెలో అన్నం నొక్కి నింపింది. మధ్య గిన్నెలో సాంబారు పోసింది. పైదాంట్లో బీన్స్ పల్యం, అంటే పొడికూర, పెట్టింది. మూడూ పేర్చి క్లిప్పు వేసింది. తలకిందులు చేసి ఊపి చూసింది. ఒక్క చుక్క కారలేదు. ఎవరూ చూడకుండా ఆమె దాన్ని ఇంకోసారి ఊపింది.

నాలుగుంబావుకు గేటు దగ్గరికి వచ్చింది. పనివాళ్ళు బయటికి పోయేటప్పుడు సంచి తెరిచి చూపించాలి. ఇంట్లోంచి తీసుకెళ్ళే వస్తువేదైనా ఉంటే సెక్యూరిటీ దాని ఫోటో తీసి ఆ ఇంటికి పంపుతాడు. ఇంటివాళ్ళు ఫోనులో ఒప్పుకుంటే గేటు తెరుస్తాడు. మూడు వారాలుగా రోజూ ఇది జరుగుతోంది కాబట్టి సెక్యూరిటీ రియాజ్ ఆమెను చూడగానే నవ్వాడు. మదనపల్లె మనిషి.

"ఏంది మునెమ్మక్కా, మీ మేడం ఇల్లు ఖాళీ చేస్తాందా ఏంది? తలుపులు, కిటికీలు ఎప్పుడు తెస్తావు?"

"నువ్వు మోస్తానంటే రేపే తెస్తా."

"ఇందులో ఏముండాది?"

"సాంబారు."

"వాసన బాగుండాదే. నాకింత పొయ్యకూడదా?" అంటూ ఫోటో తీసి పంపాడు.

జవాబు రాలేదు. గీతాంజలికి నాలుగింటికి మీటింగు ఉంటుంది. ఆమె రెండు నిమిషాలు నొక్కకపోతే ఆ ఫోటో ఇంట్లో రెండో నంబరుకు పోతుంది. రెండో నంబరు శశిధర్‌ది. అంతవరకూ ఎప్పుడూ అంత ఆలస్యం కాలేదు.

ఎదురుచూస్తూ ఊరుకోలేక రియాజ్ క్యారియర్‌ను ఎండకు తిప్పి చూశాడు.

"సత్య... భామ," అని చదివాడు. "సత్యభామ, ప్రొద్దుటూరు. ఎవురక్కా ఈమె?"

మునివెంకటమ్మ క్యారియర్‌ను అతని చేతిలోంచి లాక్కుంది. చదవడం రాకపోయినా ఆ పేరు ఆమెకు తెలుసు. ఏటా ఒక రోజు ఆ ఇంటికి పురోహితుడు వస్తాడు. శశిధర్ పంచె కట్టుకుని, హాల్లో ఉన్న ఫోటో ముందు కూర్చుని, ఆయన చెప్పమన్నప్పుడు ఆ పేరు చెబుతాడు. ఆ రోజు వంటపాత్రలన్నీ తోమేది మునివెంకటమ్మే.

"రియాజూ, దాన్ని సారుకి పంపొద్దప్పా. నేను పైకి పోయి ఇచ్చేసి వస్తా."

"పోయింది గదక్కా." ఫోను చూసి అతని నవ్వు ఆగిపోయింది. "రిజెక్ట్ కొట్టినారు."

అప్పుడే సెక్యూరిటీ గదిలో ఫోను మోగింది. రియాజ్ ఎత్తి, "సార్... సార్... ఇక్కడే ఉంది సార్... సరే సార్" అన్నాడు. పెట్టేసి కాసేపు ఆమె మొహం చూడలేదు.

"పైకి పొమ్మంటాండారు. క్యారియర్ తీసుకొని." తర్వాత గొంతు తగ్గించాడు. "మేడం ఇచ్చిందే కదక్కా?"

"అమ్మే ఇచ్చింది. రెండు తూర్లు అడిగితి."

"అయితే ఆమెతో ఆ మాట చెప్పించు. దొంగతనం అని అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టినారంటే పై రెండిండ్లు కూడా పోతాయి నీకు. ఈ గేటు లోపల ఇంకెవురూ పిలవరు."

పనివాళ్ళ లిఫ్టులో ఎనిమిదో అంతస్తుకు పోతూ మునివెంకటమ్మ అనుకుంది, రెండే మాటలు. నేనే ఇచ్చాను. అమ్మ ఆ రెండు మాటలు అంటే అయిపోతుంది. సారు కాసేపు అరుస్తాడు, క్యారియర్ పెట్టెలోకి పోతుంది. పోతే పోనీ.

గంట కొట్టకముందే తలుపు తెరుచుకుంది. గీతాంజలి ఫోను అరచేతిలో పళ్ళెంలా పట్టుకుని నిలబడి ఉంది. ఫోనులోంచి శశిధర్ గొంతు వస్తోంది.

"వచ్చిందా?"

"వచ్చింది," అంది గీతాంజలి. శశిధర్ ఫోనులోంచే మునివెంకటమ్మతో మాట్లాడాడు.

"మునెమ్మా, ఆ క్యారియర్ నీకు ఎలా వచ్చింది? అది మా అమ్మది. అమ్మ పోయాక నేనే ప్యాక్ చేశాను, నేనే లాఫ్ట్ మీద పెట్టాను. గీతని అడిగితే తనకేం తెలీదంటోంది."

మునివెంకటమ్మ గీతాంజలి వైపు చూసింది.

గీతాంజలి తల అడ్డంగా ఊపింది. ఎంత చిన్నగా ఊపిందంటే, ఎదురుగా ఉన్న మనిషికి తప్ప కనబడదు. కళ్ళలో నీళ్ళు నిండి ఉన్నాయి. పెదవులు 'ప్లీజ్' అన్నట్టు కదిలాయి.

"మాట్లాడవేం? నీకెవరైనా ఇచ్చారా, నువ్వే తీసుకున్నావా?"

మునివెంకటమ్మకు కుళాయి చప్పుడు గుర్తొచ్చింది. తన చేయి పట్టుకున్న చేయి గుర్తొచ్చింది. ఇప్పుడు నిజం చెబితే ఈ ఇల్లు ఏమవుతుందో ఆమెకు తెలుసు. అబద్ధం చెబితే అమ్మ మరిచిపోదు. రెండు రోజులు పోనిచ్చి సారు చల్లబడ్డాక ఎలాగో సర్దుతుంది. పదకొండేళ్ళు గిన్నెలు తోమిన ఇంటి కోసం ఒక్క మాట పడలేనా అనుకుంది.

"నేనే ఎత్తుకొంటి సార్," అంది. "ఊరికే మూలన పడుండాది కదా అనుకొంటి. తప్పయిపాయ."

"పదకొండేళ్ళు," అన్నాడు శశిధర్. గొంతులో కోపం లేదు, అలసటగా ఉంది. "అడిగితే ఏదైనా ఇచ్చేవాళ్ళం కదా. గీతా, రేపటి నుంచి రావద్దని చెప్పు. గ్రూప్‌లో పెట్టు, ఇంకొకళ్ళు మోసపోకుండా." ఫోను పెట్టేశాడు.

వెనకాల చిన్న అడుగుల చప్పుడైంది. సమన్వి దుప్పటి కప్పుకునే వచ్చి నిలబడింది. జ్వరానికి బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

"మునమ్మా, మా నానమ్మ బాక్స్ నువ్వు దొంగతనం చేశావా?"

మునివెంకటమ్మ మళ్ళీ గీతాంజలి వైపు చూసింది. ఈసారి ఫోనులో ఎవరూ లేరు.

"సమ్మూ, నీకు జ్వరం. లోపలికెళ్ళు," అంది గీతాంజలి.

"చేసిందా మమ్మీ?"

"లోపలికెళ్ళు అన్నానా."

పిల్ల వెళ్ళింది. వెళ్తూ రెండుసార్లు తిరిగి చూసింది. అది మునివెంకటమ్మ ఎప్పుడూ చూడని చూపు. బట్టల షాపులో కొత్తవాళ్ళను చూసినట్టు చూసింది.

మునివెంకటమ్మ గొంతు తగ్గించి అడిగింది. "అమ్మా, సారు చల్లబడినాక మీరు చెప్తారు కదా?"

గీతాంజలి కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్నాక ఆ కళ్ళలో నీళ్ళు లేవు.

"ఏం చెప్పాలి?"

"మీరే ఇచ్చిందని."

"ఇప్పుడెలా చెప్తాను మునెమ్మా? నువ్వే ఒప్పుకున్నావు కదా. నేను ఇప్పుడు మాట మారిస్తే, ఇందాక తెలీదని ఎందుకన్నావు అంటారు."

"మీ కోసరమే కదమ్మా నేను..."

"నా కోసం చెప్పమని నేనడిగానా?"

ఆ తల ఊపడం, ఆ పెదవుల కదలిక చూసింది మునివెంకటమ్మ ఒక్కతే. అది జరిగిందని చెప్పడానికి ఈ లోకంలో ఇంకెవరూ లేరు. ఆ సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది. గీతాంజలికి అంతకుముందే తెలుసు.

"సరేమ్మా. పని పోతే పోనీ. గ్రూపులో మాత్రం పెట్టొద్దు. పై రెండిండ్లన్నా ఉంటాయి నాకు. ఆయన పడుకొనుండాడు, మీకు తెలుసు కదా."

"సార్ పెట్టమన్నారు, విన్నావు కదా. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదని నన్నడుగుతారు." గీతాంజలి అలా చెబుతూనే ఫోనులో బొటనవేళ్ళతో ఏదో రాసింది. రాసినదాన్ని ఒకసారి చదువుకుంది. ఒక చోట దిద్దింది. పంపింది. "నువ్వు కూడా నన్ను అర్థం చేసుకోవాలి మునెమ్మా. నాకు పావుగంటలో ఇంకో మీటింగ్ ఉంది. ఆ క్యారియర్ ఇటివ్వు."

ఆమె చేయి చాపి, మునివెంకటమ్మ వేళ్ళలోంచి పిడి తీసుకుంది. బరువుకు ఆమె చేయి కొంచెం కిందికి వంగింది. పక్కనే ఉన్న చెప్పుల స్టాండు మీద పెట్టింది.

"అందులో అన్నముండాదమ్మా," అంది మునివెంకటమ్మ. "మీరిచ్చిన సాంబారు. ఆయనకి. ఒక కవరుంటే ఇయ్యండి, అందులో వేసుకొని, గిన్నెలు కడిగి పెట్టేసి పోతా."

"ఇప్పుడు లోపలికి వద్దు. సమ్ము చూస్తోంది."

"బయటే కూర్చొని తీసుకొంటా."

"పర్లేదు, నేను చూసుకుంటాలే. నువ్వెళ్ళు," అని గీతాంజలి తలుపు వేసేసింది.

తలుపుకు ఉన్న అంకెల బొత్తాల తాళం లోపల సన్నగా కూసి పడింది. మునివెంకటమ్మ అక్కడే నిలబడింది. కారిడార్ చివర కిటికీలోంచి రింగురోడ్డు మీద ఆగిపోయిన బస్సులు కనిపిస్తున్నాయి. పెద్దమునియప్పకు మధ్యాహ్నం తిండి లేదు. ఆమె వచ్చేసరికి ఏడవుతుందని, వస్తూ తినడానికి ఏదైనా తెస్తుందని ఆయన ఎదురుచూస్తుంటాడు.

తలుపుకు అవతల, ఆమె చేతికి రెండడుగుల దూరంలో, చెప్పుల స్టాండు మీద మూడు గిన్నెల క్యారియర్ ఉంది. కింద అన్నం, మధ్యలో సాంబారు, పైన బీన్స్ పల్యం. ఇత్తడి క్లిప్పు ఆమె నొక్కి పెట్టినట్టే ఉంది, ఏ పిల్లీ తీయలేనంత గట్టిగా.